నలభై ఒకటో సభ్యురాలి అభ్యంతరం

సోర్‌హామ్న్,
4 అక్టోబర్ 1983

కార్యదర్శి హల్వర్ స్త్రాంద్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరతీర విజ్ఞాన కల్పనా పాఠక సంఘంలో నేను నలభై ఒకటో సభ్యురాలిని. జాబితాలో చిట్టచివరి పేరు నాదే. చేరి ఎనిమిది నెలలైంది. చదివిన పుస్తకాన్ని మూడు రోజుల్లో జాబితాలో తర్వాతి పేరుకు పోస్టులో పంపాలన్న మీ నియమాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు. నా తర్వాత ఎవరూ లేరు కాబట్టి మీకే తిప్పి పంపుతున్నాను. అందుచేత కోప్పడే హక్కు నాకు వచ్చిందనుకుంటాను.

మా ఊరి గ్రంథాలయం చిన్న భవనంలోకి మారుతోంది. విజ్ఞాన కల్పనకు ఒకే ఒక్క అర మిగిల్చారు. మీ సంఘం ఏటా ప్రకటించే ‘అభిమాన రచయితలు ఐదుగురు’ జాబితాలో ఉన్నవాళ్ళ పుస్తకాలే ఆ అరలో ఉంటాయట. మిగతావి డిసెంబర్ అయిదున కాగితం మిల్లు లారీ ఎక్కుతాయట. గుడ్ని ఎస్పెలాండ్ రాసినవి మూడే నవలలు. మా గ్రంథాలయంలో తప్ప వాటి ప్రతులు ఇంకెక్కడా లేవు. నేను దేశమంతా ఉత్తరాలు రాసి వెతికాను.

పోయినేడు మీ జాబితాలో మొదటి పేరు కెప్టెన్ బ్రెక్కె. పద్నాలుగు నవలలు. ఆయన అంతరిక్ష నౌకల్లో నాలుగు వందల మంది మగవాళ్ళు పదేళ్ళు ప్రయాణం చేస్తారు, ఒక్క చొక్కా ఎవరూ ఉతకరు. దీన్ని మీరు భవిష్యత్తు అంటున్నారు. నేను కంపు అంటాను. గుడ్ని పగలంతా సార్డీన్ ఫ్యాక్టరీలో చేపల తలలు కోసి, మిగిలిన వేళలో రాసింది. ‘తొమ్మిదో చంద్రుడి మీద రెండో షిఫ్టు’ ఎప్పుడైనా తెరిచారా? రేపు ఏ యంత్రం వస్తుందో ఏ ఇంజనీరైనా చెప్పగలడు. ఆ యంత్రంలో ఎవరి వేళ్ళు నలుగుతాయో చెప్పేదే గొప్ప రచయిత. ఆమెను జాబితాలో చేర్చండి.

ఇట్లు,
సిగ్రున్ తూఫ్తె

తా.క.: నాకు ముందున్న నలభయ్యో సభ్యుడు పుస్తకాలను స్నానాల తొట్టిలో కూర్చుని చదువుతాడా? ప్రతిదీ తడిసి వస్తోంది. పోయిన నెల పుస్తకాన్ని పొయ్యి దగ్గర ఆరబెడితే అందులోంచి నత్త ఒకటి బయటికొచ్చింది.


లాంగ్‌హోల్మెన్ దీపస్తంభం,
11 అక్టోబర్ 1983

గౌరవనీయులైన శ్రీమతి తూఫ్తె గారికి,

మీ ఉత్తరం తీరం పడవలో క్షేమంగా అందింది. జాబితాలో పేరు చేర్చడం నా చేతిలో లేదు. ప్రతి సభ్యుడూ ఒక్క పేరు రాసి, కవరు అంటించి పంపాలి. నవంబర్ ఇరవైన తెరిచి లెక్కిస్తాను. మీకు ఎక్కువ ఓట్లు కావాలంటే సభ్యులకు నేరుగా రాసుకోవచ్చు. చిరునామాల జాబితా జతపరిచాను.

కెప్టెన్ బ్రెక్కె గారి గొప్పతనం గురించి ఒక్క మాట. ఆయన నవలల్లో అందరూ వేళకు వస్తారు. ముప్పై ఏళ్ళు దీపం చూసుకున్నవాడికి ఇది చిన్న సంగతి కాదు.

భవదీయుడు,
హల్వర్ స్త్రాంద్, కార్యదర్శి

తా.క.: నలభయ్యో సభ్యుడు తూర్‌ఫిన్ లీ గారికి స్నానాల తొట్టి లేదు. ఆ అవసరం కూడా ఉన్నట్టు లేదు.


సోర్‌హామ్న్,
29 అక్టోబర్ 1983

కార్యదర్శి గారికి,

మీ జాబితా పట్టుకుని నలభై మందికి నలభై ఉత్తరాలు రాశాను. గుడ్ని ఎందుకు గొప్పదో ఒక్కొక్కరికి మూడేసి పేజీలు. నకలు ఒకటి మా అమ్మ కుట్టుపని డబ్బాలో దాచుకున్నాను, మీలాంటివాళ్ళు రేపు నేను రాయలేదంటే చూపించడానికి.

జవాబులు వచ్చాయి. బతికున్న సభ్యుల్లో ఒకాయన ‘బ్రెక్కెకే వేస్తా’ అని కార్డు రాశాడు. ఇంకొకాయన అట్లు పోసే పద్ధతి రాసి పంపాడు, నాకు ఆవేశం ఎక్కువైంది, వంట మీద మనసు పెట్టమన్నాడు. మిగిలిన జవాబులన్నీ భార్యల నుంచి, పిల్లల నుంచి, పొరుగువాళ్ళ నుంచి. అందరిదీ ఒకే మాట: ‘ఆయన పోయి చాలా కాలమైందమ్మా.’ లెక్కపెట్టాను. మీ నలభై ఒక్క మందిలో పందొమ్మిది మంది చనిపోయారు. మీ తూర్‌ఫిన్ లీ ఇరవై రెండేళ్ళ కిందటే పోయాడు. మీరు రాసిచ్చిన ఆయన ఊరు, నేద్రెవిక్, కరెంటు కంపెనీ కట్టిన ఆనకట్ట నీళ్ళ కింద ఉంది.

అయ్యా, పోయినేడు ఆ పందొమ్మిది మందీ ఓటు వేశారని మీ పత్రికే ప్రకటించింది. ఈ దేశంలో ఏ మార్పు అడిగినా అడ్డుపడేది ఎప్పుడూ చచ్చినవాళ్ళే. చర్చిలో వాళ్ళే, చట్టాల్లో వాళ్ళే, ఆఖరికి పుస్తకాల అరలో కూడా వాళ్ళేనా? వాళ్ళ ఓట్లు కొట్టేయాలని లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలుపుతున్నాను.

నా పట్టుదల ఎందుకో కూడా చెబుతాను. మా అమ్మ మార్తా, గుడ్ని పక్క బల్ల మీదే చేపలు కోసేది. అమ్మ ఫోటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు. కానీ ‘రెండో షిఫ్టు’ నూట పన్నెండో పేజీలో డబ్బాలు సర్దే ముసలమ్మ ఒకతె నౌక కెప్టెన్‌తో అంటుంది: ‘ముందు చేతులు కడుక్కుని రా నాయనా, తర్వాత లోకాన్ని ఏలుదువుగాని.’ అది అమ్మ మాట. అమ్మ గొంతు. లారీ ఎక్కబోయేది అదీ.

ఇట్లు,
సిగ్రున్ తూఫ్తె

తా.క.: అట్లు బాగా వచ్చాయి. ఆ సంగతి ఆయనకు చెప్పకండి.


లాంగ్‌హోల్మెన్ దీపస్తంభం,
4 నవంబర్ 1983

గౌరవనీయులైన శ్రీమతి తూఫ్తె గారికి,

మీ అమ్మగారి గురించి చదివి విచారించాను. అయితే మన ఏడో నియమం ఇలా ఉంది: సభ్యుడు స్వయంగా సంతకం చేసి రాజీనామా పంపితే తప్ప సభ్యత్వం ముగియదు. మీరు చెప్పిన పందొమ్మిది మందిలో ఇంతవరకు ఎవరూ రాజీనామా పంపలేదు. వాళ్ళు పోయారని నాకు తెలుసు, కొందరి అంత్యక్రియలకు వెళ్ళాను కూడా. కానీ పుస్తకం పంపితే మూడు రోజుల్లో తర్వాతి పేరుకు చేరుతోంది. బతికున్నవాళ్ళ దగ్గర మూడేసి నెలలు పడి ఉంటోంది. నేను ఎవరిని తీసేయాలి?

వాళ్ళ కవర్లన్నిటి మీదా నేద్రెవిక్ తపాలా ముద్రే ఉంటుంది. అక్కడ తపాలా కార్యాలయం లేదని తపాలా శాఖవారు నాకు రెండుసార్లు రాశారట. ఆ సంగతి చెబుతూ వాళ్ళు రాసిన ఉత్తరాలు పోస్టులోనే తప్పిపోయాయి. నేద్రెవిక్ కవరు ఒక్కటి కూడా పోలేదు.

వాళ్ళు మనసుపెట్టి చదువుతారు. నమ్మకం కోసం తొమ్మిదో సభ్యుడు ఓలాఫ్ గారి అభిప్రాయం కార్డు జతచేశాను. ఈ వేసవిలో అచ్చయిన బ్రెక్కె గారి నవల మీద రాశారు. ఓలాఫ్ గారు పోయింది 1974లో.

భవదీయుడు,
హల్వర్ స్త్రాంద్

తా.క.: మీరు చూసే లోపల కార్డు మీది అక్షరాలు చెదిరిపోతాయేమోనని ఇక్కడ రాసి ఉంచుతున్నాను: ‘అంతరిక్షంలో చీకటి గట్టిగా ఉంటుందని రాశాడు. తప్పు. మెత్తగా ఉంటుంది. మొదట్లో చెవులకు తగులుతుంది. మిగతా కథ పర్వాలేదు.’


సోర్‌హామ్న్,
9 నవంబర్ 1983

కార్యదర్శి గారికి,

ఆ కార్డును బీరువాలో పెట్టి తాళం వేశాను. భయపడి కాదు. సాక్ష్యం కాబట్టి.

నేనేమనుకుంటున్నానో మొహమాటం లేకుండా చెబుతాను. దీపం దానంతట అదే వెలిగే ఏర్పాటు వచ్చి పన్నెండేళ్ళయింది. మీకు అక్కడ చేసే పని లేదు. కూర్చుని పందొమ్మిది రకాల చేతిరాతలు సాధన చేశారు, బ్రెక్కెకు ఓట్లు గుద్దుకుంటున్నారు. లేదా ఇంకో అనుమానం ఉంది, అడగడానికి నాకేం సిగ్గు లేదు: అసలు మీరు బతికే ఉన్నారా? నవంబర్ ఇరవై లోపల ఆ పందొమ్మిది ఓట్లు కొట్టేయకపోతే ఈ ఉత్తరాలన్నీ వార్తాపత్రికకు ఇస్తాను.

ఇట్లు,
సిగ్రున్ తూఫ్తె

తా.క.: కార్డు పెట్టిన బీరువాలో నా ఉన్ని కోట్లు తడిశాయి. దీనికి కూడా మీదే బాధ్యత.


లాంగ్‌హోల్మెన్ దీపస్తంభం,
21 నవంబర్ 1983

గౌరవనీయులైన శ్రీమతి తూఫ్తె గారికి,

నేను బతికే ఉన్నట్టు డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం జతపరిచాను. మోకాళ్ళ గురించి ఆయన రాసిన రెండు వాక్యాలను పట్టించుకోకండి. ముప్పై ఏళ్ళ వృత్తిలో ఈ పత్రం ఎవరూ అడగలేదన్నాడు.

మీ అభ్యంతరాన్ని కమిటీ ఆమోదించింది. కమిటీ అంటే నేనే. పందొమ్మిది కవర్లనూ తెరవకుండా పక్కన పెట్టి, మిగిలిన ఇరవై రెండు ఓట్లు నిన్న లెక్కించాను. బ్రెక్కె గారికి పన్నెండు. తర్వాతి నలుగురికి మూడు, రెండు, రెండు, రెండు. గుడ్ని ఎస్పెలాండ్ గారికి ఒకటి. అది మీదే అనుకుంటాను.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కొట్టేసిన కవర్లను కట్ట కడుతుంటే తడికి ఒకదాని జిగురు ఊడి, తెరుచుకుంది. నియమం దాటి చదివాను. తర్వాత మిగతావన్నీ కూడా తెరిచాను, ఈ ఉద్యోగంలో నేను చేసిన మొదటి తప్పు అది. పందొమ్మిదింటిలోనూ ఒకే పేరు ఉంది. గుడ్ని ఎస్పెలాండ్.

మీరు రాసిన మూడు పేజీలను బతికున్నవాళ్ళు ఎవరూ చివరిదాకా చదివినట్టు లేదు. వాళ్ళు చదివారు. పోయినేడు పందొమ్మిది మందీ బ్రెక్కె గారికే వేసినవాళ్ళు.

మీ అభ్యంతరం ప్రకారం ఆ ఓట్లు చెల్లవు. ముప్పయ్యో తారీకు పడవలో జాబితా మీ గ్రంథాలయానికి వెళ్తుంది.

భవదీయుడు,
హల్వర్ స్త్రాంద్

తా.క.: తూర్‌ఫిన్ లీ గారు తన ఓటు కింద ఒక వాక్యం రాశారు: ‘ఎనభై ఏళ్ళలో నా మనసు మార్చిన మొదటి ఉత్తరం ఇది. బతికుండగా వచ్చి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాను.’


సోర్‌హామ్న్,
24 నవంబర్ 1983

హల్వర్ గారికి,

అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను.

నవ్వుకోండి. కానీ వాదన లేకుండా వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు, వినండి. ఆ ఊరిని నీళ్ళలో ముంచేటప్పుడు తూర్‌ఫిన్ లీని ఎవరైనా ఓటు అడిగారా? కరెంటు కంపెనీ అడగలేదు, ప్రభుత్వం అడగలేదు. మీ సంఘం ఒక్కటే అడిగింది. ఇల్లు పోయిందని, ఊరు పోయిందని, ప్రాణం పోయిందని మనిషి మాట కొట్టేసే లోకంతో జీవితమంతా పోట్లాడాను. తీరా నా దగ్గరికి వచ్చేసరికి నేను చేసింది అదే పని. చచ్చినవాళ్ళు మార్పుకు అడ్డమని రాశాను. మనసు మార్చుకున్నది వాళ్ళు మాత్రమే. బతికున్న ఇరవై ఒక్క మందీ గోడలు, మీతో సహా.

మీరు చేతిరాతలు సాధన చేశారన్న మాట కూడా తప్పే. బ్రెక్కె అభిమాని అయి ఉండి గుడ్నికి పందొమ్మిది ఓట్లు మీరు రాయరు. క్షమించండి. పుస్తకాలను లారీ ఎక్కనివ్వకండి.

ఇట్లు,
సిగ్రున్

తా.క.: మోకాళ్ళకు ఉన్ని పట్టీలు అల్లి పంపుతున్నాను. బీరువాలో తడిసినవి కావు, కొత్తవి.


లాంగ్‌హోల్మెన్ దీపస్తంభం,
8 డిసెంబర్ 1983

ప్రియమైన సిగ్రున్ గారికి,

పట్టీలు సరిగ్గా సరిపోయాయి. కమిటీ వాటిని తొడుక్కునే సమావేశమైంది.

గుడ్ని ఎస్పెలాండ్ గారికి ఇరవై ఓట్లు, మొదటి స్థానం. జాబితా వేళకు చేరింది. లారీ రావడం వచ్చింది గానీ ఆమె మూడు పుస్తకాలూ అరకే దక్కాయని మీ గ్రంథాలయాధికారి రాశారు. అర కొంచెం చెమ్మగా ఉంటోందని, కారణం తెలియడం లేదని కూడా రాశారు. కిటికీ తెరిచి ఉంచమన్నాను. రెండో స్థానం బ్రెక్కె గారిది. గ్రంథాలయం నాకు అరువు పంపిన ‘రెండో షిఫ్టు’ నిన్న మొదలుపెట్టాను. ఇందులో ఎవరూ వేళకు రావడం లేదు. అయినా ఆపలేకపోతున్నాను.

ఇంకొక సంగతి ఉంది, కూర్చుని చదవండి. లెక్క ముగిశాక నేద్రెవిక్ ముద్రతో మరో కవరు వచ్చింది. తడిగా ఉంది, సార్డీన్ నూనె వాసన వేస్తోంది. లోపల కొత్త సభ్యత్వ దరఖాస్తు. పేరు: మార్తా తూఫ్తె. వృత్తి: చేపలు కోయడం. సంఘం గురించి ఎలా తెలిసింది అన్న గడిలో ‘నా డబ్బాలో ఉత్తరం దొరికింది’ అని ఉంది. అభిమాన రచయిత ఎవరు, ఎందుకు అన్నచోట ఆవిడ రాసింది ఉన్నదున్నట్టు కింద ఇస్తున్నాను.

‘గుడ్ని. ఎందుకంటే పని చేస్తూ మేం మాట్లాడుకునేది తనొక్కతే విన్నది. కానీ నూట పన్నెండో పేజీలో మర్యాద కోసం మాట మార్చింది. నేనన్నది చేతులు కాదు. ముందు ముక్కు చీదుకుని రా అన్నాను. ఫోర్‌మన్‌తోనే అన్నాను. మా అమ్మాయి ఉత్తరం బాగా రాసింది, మూడు పేజీలు అక్కర్లేదు. కోపం ఉండాల్సిందే, శాలువా కప్పుకుని కోప్పడమనండి.’

దరఖాస్తులో లోపమేమీ లేదు. ఏడో నియమం, ఇంకే నియమమూ అడ్డు చెప్పలేదు. ఆవిడను నలభై రెండో సభ్యురాలిగా చేర్చుకున్నాను.

మీ,
హల్వర్

తా.క.: ఈ నెల పుస్తకం మీకు శనివారం అందుతుంది. ఇక మీద చదివాక నాకు తిప్పి పంపనక్కర్లేదు. జాబితాలో మీ తర్వాత పేరు ఉంది. చిరునామా రాసిన కవరు లోపల పెట్టాను. మూడు రోజులు, మరిచిపోకండి.