రూతమ్మవ్వ గొడ్డలి

చర్ల, నవంబరు 1986, ఆదివారం రాత్రి

ఎనిమిది నెలల తర్వాత ఈరోజు రూతమ్మవ్వ ప్రభువు బల్ల దగ్గరకు వచ్చి రొట్టె అందుకుంది. అడవి నరికి పోడు కొడుతోందని ఫారెస్టు గార్డు ఆమె గొడ్డలి లాక్కుపోయాడు. మనసులో కోపం పెట్టుకుని రొట్టె ముట్టకూడదని, అప్పటినుంచీ చర్చిలో వెనక చాప మీదే కూర్చునేది. "క్షమించవ్వా" అని పాస్టరుగా నేను చెబుతూనే ఉన్నాను.

ఈరోజు ఆ గార్డే ప్రార్థనకు వచ్చాడు. కూతురికి జ్వరం తగ్గిందట, కృతజ్ఞత చెల్లించుకోవడానికి. నేను రొట్టె విరవబోతుంటే అవ్వ లేచి నేరుగా అతని దగ్గరకు నడిచింది. గొడవ పడుతుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం అతని తల నిమిరింది.

"నిన్ను క్షమించిన బిడ్డా. ఇగ నా కడుపుల ఏం లేదు."

ప్రార్థన అయ్యాక, నా ప్రసంగాలు ఫలించాయని మురిసిపోతూ గుమ్మంలో నిలబడ్డాను. అవ్వ మళ్లీ అతన్నే ఆపింది.

"నా గొడ్డలి ఎప్పుడిస్తవ్?"

"క్షమించిన అంటివి గదవ్వా," అన్నాడతను.

"అవ్, క్షమించిన. అందుకే మంచిగ అడుగుతున్న. గొడ్డలి లేకుంటే పొయ్యిలకు కట్టె ఏడికెల్లి వస్తది?"

అతను తల వంచుకుని, ఆఫీసులో అడుగుతానన్నాడు. అడుగుతాడో లేదో. అడిగినా పైవాళ్లు ఇస్తారో లేదో...

క్షమించమని ఆమెకు ఇన్నిసార్లు చెప్పాను. గొడ్డలి తిరిగి ఇవ్వమని అతనికి ఒక్కసారీ చెప్పలేదు. రేపు పొద్దున్నే అవ్వతో కలిసి రేంజి ఆఫీసుకు వెళ్తాను.

ఇన్ని నెలలూ ఆ వెనక చాప మీద కూర్చోవలసింది నేను.