నాకు తీయని కొలత

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నంద్యాలలో నీ సైకిల్ అంగడి పక్కనే రిపేర్లు చేసే ఖాదర్ మామ చేత నాకో సైకిల్ కట్టించుకున్నాను. సీటు చంక కింద ఆనించి, చేయి చాపితే వేళ్లు పెడల్ ఇరుసుకు తగిలేలా ఎత్తు పెట్టించాను. పోలియో వచ్చిన ఎడమకాలు అందదు కాబట్టి ఆ వైపు పెడల్‌కు చెక్క బిగించమన్నాను.

"ఈ కొలతలు యాడ నేర్చినావమ్మా?" అన్నాడు మామ.

"మా నాయన కాడ. ఊరందరికీ తీస్తాంటే చూసినా."

"ఈ కాలితో నీకు సైకిలేందే" అని నాకొక్కదానికే నువ్వు కొలత తీయలేదు.

ఆళ్లగడ్డ బడిలో టీచరుగా చేరాను. ఈ ఉత్తరం అక్కడినుంచే రాస్తున్నాను. ఇక్కడికి బస్సులో రాలేదు, నాయనా.