చూసుడే, కడుగుడు కాదు

ఫిబ్రవరి 3

రేపు ఈయనకు ఆంజియోగ్రామ్. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందని నెల రోజులుగా కుర్చీకి అతుక్కుపోయిన మనిషి. మణికట్టులోంచి సన్న గొట్టం గుండె దాకా పంపి, రంగు మందు వదిలి, ఎక్స్‌రేలో చూస్తారట. నాకు అర్థమైంది. ఈయనకు ఏం అర్థమైందో...

"నేను రాకపోతే నా గడియారం సిరికియ్యి."

"మనవరాలికి ఫోనుంది. మీ గడియారం ఎవరిక్కావాలె? వచ్చి మీరే పెట్టుకోండి."

ఫిబ్రవరి 4

అరగంట. నేను తీసుకెళ్ళిన పత్రిక సగం కూడా కాలేదు.

డాక్టరమ్మ తెర చూపించింది. ఈయన గుండె... కదులుతూ! ముప్ఫై రెండేళ్ళు బోర్డు మీద నాలుగు గదుల గుండె గీశాను. గుండెకే తిండి పెట్టే ఈ నాళాల్ని మాత్రం "పరీక్షలో రాదు, వదిలెయ్యండి" అని దాటించేదాన్ని. అవే ఇవాళ నల్లగా, కొమ్మలు కొమ్మలుగా. ఒక కొమ్మకు చిన్న నొక్కు.

"అడ్డు సగం కన్నా తక్కువే అమ్మా. స్టెంట్ అక్కర్లేదు. మాత్రలు, నడక — రెండూ మానొద్దు."

బయట మెట్ల మీద కూర్చుని నవ్వాను. కళ్ళు తడిశాయి. దుమ్ము. హన్మకొండలో దుమ్ముకేం తక్కువ.

ఫిబ్రవరి 6

"ఛాతీల హాయిగున్నదే. మంచిగ కడిగిన్రు."

కడగడమా! మందు వదిలారుగా — కాలువ కడిగినట్టు నాళాలన్నీ కడిగేశారట. దిద్దబోయాను. అప్పటికే చెప్పులేసుకుని గేటు దాటారు. నెల తర్వాత మొదటి నడక.

నోరు మూసుకున్నాను. తప్పు జవాబును దిద్దకుండా వదిలేయడం నా జీవితంలో ఇదే మొదలు.

ఫిబ్రవరి 9

రోజూ మా ధర్మసాగర్ చెరువు కట్ట మీదికి, పక్కింటి ఖాజా భాయ్ తోడు. తిరిగొస్తూ పాటలు. గుండె బాగుపడితే గొంతు బాగుపడుతుందని ఎవరూ అనలేదు మరి.

ఫిబ్రవరి 12

మాత్రల డబ్బాలో నిన్నటిదీ ఇవాళ్టిదీ కదల్లేదు.

"కడిగినంక మాత్రలెందుకే?"

ఇదీ నా మౌనం చేసిన పని. చెప్తే మళ్ళీ కుర్చీ ఎక్కుతారేమో. చెప్పకపోతే...

ఫిబ్రవరి 13

చెప్పలేదు. తోటకూర బాగుందన్నారు. పెళ్ళయ్యాక ఇది రెండోసారి.

ఫిబ్రవరి 14

ఖాజా భాయ్ ఇంటికే వచ్చాడు. "వదినమ్మా, ఏ దవాఖానల కడుగుతరు? నాది గూడ జర కడిగిచ్చుకుంట."

ఇక ఆగలేదు. సిరి నోట్‌బుక్ వెనక పేజీ చింపి గుండె గీశాను, ఈసారి నాళాలతో సహా. "ఆంజియో అంటే చూసుడే, కడుగుడు కాదు. టార్చి కొట్టి చూస్తే చెత్త పోతదా?"

ఖాజా భాయ్ పగలబడి నవ్వాడు. "అంటే వారం సంది కట్ట మీద నన్ను ఎన్కకేసి ఉరికింది కడగని గుండెనా!"

ఈయన నవ్వలేదు. బొమ్మనే చూశారు.

"నొక్కు గట్లనే ఉన్నదా?"

"అట్లనే ఉంది. అంత దూరం నడిచింది కూడా దానితోనే. ఇగో మాత్ర."

మింగారు. కుర్చీలో కూర్చున్నారు. పొద్దుగూకేదాకా లేవలేదు.

ఫిబ్రవరి 15

కుర్చీ ఖాళీ. చెప్పుల్లేవు. డబ్బాలో ఇవాళ్టి మాత్ర లేదు. బల్ల మీద నా బొమ్మా లేదు.

కట్ట మీదికో, మిర్చి బజ్జీల బండి దగ్గరికో... పొద్దున ఎనిమిదవుతోంది. గేటు వైపు చూడను. పెన్ను కింద పెట్టాక చూస్తాను.