కామన్ బేస్ చెవిమిషను

మార్కాపురం తాలూకా, 1966

అల్లుడు గురవయ్యకు మామ దీవెనలు.

కర్నూలులో రేడియో చదువు చదువుతూ నువ్వు చేసిచ్చిన చెవిమిషను దివ్యంగా ఉంది. పెట్టుకున్నప్పటి నుంచి ఒక్క మాటా వినపడలేదు. కామన్ బేస్ పద్ధతిలో కలిపిన ట్రాన్సిస్టరు వోల్టేజీ పెంచుతుంది గానీ, వచ్చిన కరెంటును కాస్త తగ్గించి పంపుతుందని, మైకు ఇచ్చే కాస్త కరెంటు దానికి చాలదని ఇప్పుడే పాఠంలో చదివినానని రాసినావు. సంతోషం. ఆ పాఠం నా చెవి ముందే చదివింది. సర్కారు ఇచ్చినదాంట్లో కాస్త తగ్గించి పంపి, గొంతు మాత్రం పెంచేది మా పంచాయతీ ప్రెసిడెంటు ఒక్కడే అనుకున్నా.

చిక్కేమంటే, మిషను పనిచేస్తోందని మీ అత్త నమ్మింది. "ఏమయ్యా, ఇనపడ్లా" అని వీధంతా వినేలా అరిచే మనిషి, ఇప్పుడు పక్కన కూర్చుని మెల్లగా ఏమేమో చెబుతోంది. మధ్యలో నవ్వుతోంది కూడా. నేను తల ఊపుతున్నా.

ఆదివారం వచ్చి సరిచేసి పో. ఆమె ఏం చెబుతోందో వినాలని ఉంది. ఇన్నాళ్ళూ పనిచేయలేదని మాత్రం ఆమెతో అనొద్దు. మళ్ళీ అరుస్తుంది.

మీ మామ