గుమ్మం దగ్గర కలిపిన వరస

కోటబొమ్మాళి,
12 ఆగస్టు 2025, మంగళవారం.

మేడమీద గదిలో తలుపేసుకున్న నా అరుణకి,

కింద గదిలోంచి పై గదికి ఉత్తరమేమిటని మీ అమ్మ నవ్వింది. నవ్వనీ. నీ ఎదుట నిలబడితే నా నోటినుంచి వచ్చేవి ఆజ్ఞలే. లే, తిను, దువ్వుకో, చదువు. ముప్పై ఏళ్లకు పైగా లెక్కల పాఠాలు చెప్పిన నోరు, వేరే మాటలకి సులువుగా తిరగదు. కాగితం మీదైతే నేను ఏం రాస్తున్నానో నాకు కనిపిస్తుంది, తప్పుంటే కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు.

ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, పొద్దున్న నేను మెట్ల కింద నిలబడి లేచి స్నానం చెయ్యమని కేకేశాను. నువ్వు తలుపు తియ్యకుండానే, "లేచి ఏం చెయ్యాలి మామ్మా?" అన్నావు. కోపంగా అని ఉంటే బాగుండేది, తిరిగి నాలుగు తిట్టి ఉందును. నువ్వు కోపంగా అనలేదు. జవాబు తెలియని పిల్ల అడిగినట్టు అడిగావు. ఆ ప్రశ్న నీకు మళ్లీ ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. ఒక నెల పాటు అది నిన్ను వదిలి పోయింది. దాన్ని తిరిగి ఇంట్లోకి పిలిచింది నేను.

మొదటినుంచీ రాస్తాను. ఎచ్చెర్ల యూనివర్సిటీలో నీ రెండో సంవత్సరం ప్రాజెక్టు మొదలయ్యాక గుండె దడదడలాడుతోందనీ, ఊపిరి అందడం లేదనీ ఇంటికి వచ్చేశావు. మీ నాన్న గ్యాస్ అన్నాడు. మందుల షాపతను ఏదో సూది వేశాడు. పక్కింటి దేముడమ్మ ఎర్రనీళ్లు కలిపి దిష్టి తీసింది. నేను మాత్రం దీనికి క్రమశిక్షణ లేకపోవడమే కారణమని, తెల్లవారకుండా లేపి చన్నీళ్ల స్నానం చేయించాను. దేముడమ్మని చూసి వెనక నవ్వుకున్నాను కూడా. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ నీళ్లు నీ చుట్టూ తిప్పి బయట పారబోసింది, నేను నీ నెత్తిన పోశాను. అంతే తేడా.

శ్రీకాకుళంలో గుండె డాక్టరు పరీక్షలన్నీ చేసి, గుండె బాగానే ఉంది, ఆందోళన ఎక్కువగా ఉంది, కౌన్సెలర్‌కి చూపించండి అన్నాడు. ఎక్కడున్నారని ఎవరిని అడిగినా ఒకటే తీరు. పన్ను డాక్టరు, ఎముకల డాక్టరు ఎక్కడంటే వీధి మలుపుతో సహా చెప్పే మనుషులు, ఈ మాట ఎత్తగానే గొంతు తగ్గించి విశాఖపట్నం పేరు చెప్పారు. చివరికి కళ్లజోళ్ల దుకాణం మీద చిన్న బోర్డు మనమే చూసుకున్నాం. పేరు, ఫోను నంబరు, అంతే. లోపల అనిత అనే అమ్మాయి. ముందుగదిలో కుర్చీలు, వెనక గదికి తలుపు.

నువ్వు మొదటిరోజు ఆ తలుపులోంచి ఏడ్చిన కళ్లతో వచ్చావు. తరవాతి వారం అలిసిన కళ్లతో వచ్చావు. మూడోసారి బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు కొనమన్నావు. నేను బజ్జీల నూనె గురించి పాఠం చెప్తూనే కొన్నాను. అంతకంటే సంతోషమైన రోజు ఈ ఏడాది నాకు లేదు. ఆ మాట అప్పుడు నీకు చెప్పలేదు.

నాలుగోసారి నేను చెయ్యకూడని పని చేశాను. అనిత నిన్ను గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చింది. ఆ అమ్మాయి మాటలో పాతపట్నం యాస వినిపించింది. నేను ఆగలేకపోయాను. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఇంటిపేరేమిటి అని ఒకదాని మీద ఒకటి అడిగాను. ఆ అమ్మాయి మర్యాదకి రెండు ముక్కలు చెప్పింది. మిగతాది నేనే లాగాను. మా పెద్దమ్మ కూతురు జగ్గమ్మని పాతపట్నం ఇచ్చారు కదా, ఆ జగ్గమ్మ మరిది కొడుకు కూతురే ఈ అనిత. "అయితే నువ్వు నాకు మనవరాలివే తల్లీ. అరుణా, నీకు అక్క అవుతాది" అన్నాను. ఏదో బహుమతి ఇచ్చినట్టు అన్నాను.

నీ ముఖం అప్పుడే మారింది. నేను చూశాను, కానీ సిగ్గనుకున్నాను. అనిత నెమ్మదిగా, "మామ్మగారూ, ఈ గుమ్మం దగ్గర వరసలు కలపొద్దండి" అంది. చదువుకున్న గీర అనుకున్నాను. మన వైపు వరస కలిపితే మనిషి దగ్గరవుతుంది. పొలం గట్టు తగువైనా, ఆస్పత్రిలో మంచమైనా, ముందు వరస కలుపుతాం, తరవాత పని అడుగుతాం. నిన్ను పరాయి మనిషి చేతిలో పెట్టానన్న బెంగ నాకు లోపల ఉండేది. ఆ రోజు తీరిపోయిందనుకున్నాను. కానీ నువ్వు వారం వారం బస్సెక్కి వెళ్లింది ఆ పరాయి మనిషి కోసమే. ఎవరికీ మనవరాలు, ఎవరికీ కూతురు కాకుండా కూర్చోడానికి నీకు జిల్లా మొత్తం మీద దొరికిన చోటు అదొక్కటే. నేను దానికీ ఒక మేనత్తని, ఒక చిన్నతాతని తగిలించాను.

అక్కడితో ఊరుకున్నా పోయేది. లెక్క సరిచూసుకోకుండా నాకు కాలు నిలవదు. ఇంటికొచ్చి జగ్గమ్మకి ఫోన్ చేశాను, మరిది కొడుకు కూతురేనా, మరిది కూతురి కూతురా అని.

"సిక్కోల్లో పిచ్చోల్లకి మాటలు సెప్తాది, ఆ పిల్లే? నీకెక్కడ అగుపడిందే?" అంది.

పెళ్లిలో కనిపించిందనొచ్చు. దుకాణంలో అనొచ్చు. నేను అబద్ధం ఆడనని నాకో గొప్ప ఉంది కదా. మా అరుణని తీసుకెళ్తున్నానని చెప్పేశాను. నా నిజాయితీ కోసం నీ గుట్టు ఖర్చు పెట్టాను.

తరవాత జరిగింది నీకు తెలుసు. జగ్గమ్మ మనవడు ధర్మేంద్ర నిశ్చితార్థానికి పాతపట్నం వెళ్లాం. నువ్వు ఆకుపచ్చ చీర కట్టుకున్నావు. పంక్తిలో జగ్గమ్మ నీ ఆకులో వంకాయ కూర వేస్తూ అందరూ వినేలా, "ఏటే అమ్మా, మా అనిత కాడికెల్తన్నావట? బెంగెట్టుకోకు. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అంది. పక్కవాళ్ల చేతులు ఆకుల్లో ఆగాయి. నువ్వు తలెత్తకుండా ఆకు మడిచేశావు.

కారులో మీ నాన్న బండి నడుపుతున్నాడు, మీ అమ్మ ముందు కూర్చుంది, వెనక మనిద్దరం. "ఆవిడకెలా తెలిసింది?" అన్నావు. "అనితే చెప్పుంటాది" అని నువ్వే అన్నావు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నాట్లు వేసిన మళ్లు. చూడడానికి అక్కడ ఏమీ లేదు.

అదే నా తప్పు, అరుణా. ఫోనులో నోరు జారడం పొరపాటు. కారులో నోరు మూసుకోవడం పొరపాటు కాదు, తెలిసి చేసిన పని. మర్నాడు నువ్వు అనిత నంబరు తీసేశావు. ఇక ఎవరి దగ్గరికీ వెళ్లను, అందరూ ఒకటే అన్నావు. పైకి వెళ్లి తలుపేసుకున్నావు. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ కింద నేను పప్పులో రాళ్లు ఏరుకున్నాను.

నిన్న శ్రీకాకుళం వెళ్లి అనితని కలిశాను. పక్కన ఎవరూ లేనప్పుడు జరిగిందంతా చెప్పి, మా అరుణ మీ గురించి తప్పుగా అనుకుంటోంది, తను మీతో ఏమైనా అందా అని అడిగాను. ఆ అమ్మాయి మంచినీళ్లిచ్చింది. "నా దగ్గరికి ఎవరొస్తారో, వచ్చి ఏమంటారో నేను ఎవరికీ చెప్పనండి. తీసుకొచ్చినవాళ్లకైనా అంతే" అంది. వెంటనే నాకు కోపం వచ్చింది, నీ మామ్మని కదా. మెట్లు దిగుతుంటే అర్థమైంది. నిన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లిన నాకే చెప్పని మాట ఆవిడ జగ్గమ్మకి చెప్తుందా?

వచ్చేముందు ఒక్క సంగతి మాత్రం చెప్పింది. బంధుత్వం బయటపడ్డాక ఆ బంధువుల పిల్లల్ని తాను చూడటం సరి కాదట. ఎవరికైనా అవసరమైతే అని వేరేవాళ్ల పేర్లు రాసి, కాగితం మడిచి పిన్ను కొట్టి ఇచ్చింది. ఇందులో పెడుతున్నాను. నేను విప్పలేదు. నమ్మకం కుదరకపోతే పిన్ను చూసుకో.

క్లాసులో సుద్దముక్క పోతే, చేసినవాళ్లు చెయ్యెత్తేదాకా అందరినీ నిలబెట్టేదాన్ని. ఒక్కోరోజు గంట కొట్టేదాకా నిలబడేవారు పాపం, చెయ్యని పిల్లలు కూడా. ఈ వారాలన్నీ నువ్వూ అలాగే నిలబడ్డావు.

చెయ్యెత్తుతున్నాను. చెప్పింది నేను.

నీ మామ్మ,
కూర్మమ్మ


13 ఆగస్టు, మేడమీద.

మామ్మా,

నిన్న సాయంత్రం ఉత్తరాన్ని ఇడ్లీ గిన్నె కింద పెట్టి పంపావు కదా, సాంబారు మరక కాగితంలో ఒక పేరు మీద పడింది. అదృష్టం, నంబరు మీద పడలేదు.

చదివి గిన్నె విసిరేద్దామనుకున్నాను. స్టీలుది, అమ్మ పరిగెత్తుకొస్తుందని ఆగాను.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజు కారులో నువ్వు కిటికీలోంచి ఏం చూశావో నాకు తెలీదు గాని, నేను నిన్నే చూశాను. ఎవరైనా మాట తేలిగ్గా అంటే వెంటనే సాక్ష్యం అడుగుతావు. ఆ రోజు అడగలేదు. అప్పుడే తెలిసిపోయింది నాకు. తెలిసీ అనిత గారి మీద పెట్టాను. ఎందుకంటే ఆవిడని వదిలేయొచ్చు. ఒక నంబరు తీసేస్తే చాలు. నిన్నెలా తీసేస్తాను? కిందే ఉంటావు, కేకేస్తూ.

కాబట్టి చెయ్యెత్తాల్సినవాళ్లు ఇద్దరు. తీసేసిన నంబరు పాత కాల్స్‌లో వెతికి, నిన్న రాత్రే ఆవిడకి క్షమించమని మెసేజ్ పెట్టాను. "మీరు రాసినందుకు సంతోషం" అని జవాబిచ్చింది. అక్కా చెల్లీ అని ఏమీ అనలేదు.

నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే నువ్వు నమ్మవు. ఆ వంకాయ కూర వాసన ఇప్పటికీ వస్తోంది నాకు.

కాగితంలో ఒకరు విజయనగరంలో ఉన్నారు. ఫోన్ చేశాను. శనివారం రమ్మన్నారు. ఒక్కదాన్నే వెళ్తాను. నువ్వు రావద్దు. ముందుగదిలో నువ్వు కూర్చుని ఉంటావని తెలిసి అనిత గారి దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. నేను చెప్పేదాంట్లో సగం నీ గురించే మరి.

"లేచి ఏం చెయ్యాలి" అన్నదానికి ఇంకా జవాబు రాలేదు. శనివారం రైలు అందుకోవాలి, అంతవరకే తెలిసింది.

అరుణ


14 ఆగస్టు 2025, గురువారం.

అరుణకి,

నీకు తెలుసని తెలిశాక నా సిగ్గు తగ్గలేదు. అంతా తెలిసి నా చేతి ఇడ్లీ తిన్నావన్నమాట. దాని మీద ఇంకా రాస్తే నన్ను ఓదార్చే పని నీకు పెట్టినట్టవుతుంది. అందుకే ఇక జరగాల్సినవి మాత్రం రాస్తున్నాను. నాకు చేతనైన పద్ధతి ఇదే.

1. శనివారం పొద్దున్న మీ నాన్న నిన్ను స్టేషనులో దింపుతాడు. దారిలో ఏమీ అడగొద్దని చెప్పాను. "ఏటీ అడగనమ్మా, రేడియో ఎట్టుకుంటాను" అన్నాడు. నేను వీధి గేటు దాకా కూడా రాను.

2. అక్కడి మనిషి పేరు, సొంతూరు, ఆడో మగో నాకు చెప్పకు. చెప్తే వరస కలుపుతాను. నన్ను నేను అంత నమ్మను.

3. మొన్న పొద్దున్న నన్నడిగిన ప్రశ్నని అక్కడ మొదటిరోజే అడగాలి. రెండోవారానికి దాచకు. శనివారం లోపల అది బరువెక్కితే, ఏ వేళైనా మీ అమ్మని లేపు. నన్నైనా లేపు. పాఠం చెప్పను.

4. వాళ్లు డాక్టరు దగ్గరికి పంపి మాత్రలు రాయిస్తే వేసుకోవాలి. అలవాటైపోతాయని మీ నాన్న అంటే, తన బీపీ మాత్ర డబ్బా చూపించు.

5. జగ్గమ్మకి ఫోన్ చేశాను. చెప్పింది నేనేనని, అనిత కాదని, ఆ ఇంట్లో అందరికీ చెప్పమన్నాను. "నానేటన్నానే, మంచికే కదా అన్నాను" అంది. మంచికే అయినా మా పిల్ల ఊసు ఎత్తొద్దన్నాను. ఫోన్ పెట్టేసింది. ధర్మేంద్ర పెళ్లికి మనల్ని పిలవకపోవచ్చు. పిలవకపోతే ఇంట్లోనే భోంచేద్దాం.

6. ప్రాజెక్టు ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది. ఈ వాక్యం నేను నాలుగుసార్లు కొట్టేసి రాశాను, అయినా రాశాను.

7. ఎన్ని ఇడ్లీలు తిన్నావో లెక్కపెట్టడం మానేస్తున్నాను. మీ అమ్మ సాక్షి.

8. నువ్వు చెప్పేదాంట్లో సగం నా గురించేనన్నావు. అక్కడ గోడకవతల నేనుండను. గొంతు తగ్గించకుండా చెప్పు.

మామ్మ