నడుము ఎవరిది?

ముక్తేశ్వరం, 6-8-1979

ప్రియమైన అమ్మాజీ వదినగారికి కృపమ్మ వందనాలు.

ఈ పక్షవాతంతో వేగుతూ ఏడాది నిండింది. ఇప్పుడు నా నడుము వంగితే లేవడం లేదు. బరువు ఎత్తొద్దని, నెల్లాళ్ళు మంచం దిగొద్దని డాక్టరుగారు చెప్పేరు. మీరు ఒక్క నెల వచ్చి ఉంటే బతుకుతాను.

కృపమ్మ

తా.క.: మీ తమ్ముడుగారు సాయం చేస్తూనే ఉన్నారు. పక్కన నిలబడి 'జాగ్రత్త, జాగ్రత్త' అంటారు.

కాకినాడ, 13-8-1979

అమ్మా, నీకు వందనాలు.

ఎప్పటిలాగే కృప చేత రాయించేవు. అంటే పడిపోయిన మాట తిరిగొచ్చిందన్నమాట! నిన్న చర్చిలో లేచి, దేవుడు నీకు మాట తిరిగిచ్చేడని సాక్ష్యం చెప్పేను. అందరూ ఏడ్చేరు. పక్షవాతం మనిషి చేత కృప బరువులు ఎత్తిస్తోందా? దానికి దయ లేదా? నాకు రావడం కుదరదు గానీ నువ్వే వచ్చెయ్యి. నెల్లాళ్ళు కాలు కింద పెట్టనివ్వను.

నీ కూతురు అమ్మాజీ

తా.క.: నడుముకి తైలం పంపుతున్నాను. సీసా నీ తలగడ కింద పెట్టుకో, కృప వాడేసుకుంటుంది.

ముక్తేశ్వరం, 17-8-1979

వదినగారికి వందనాలు.

అత్తగారికి మాట రాలేదండీ. కుడి చెయ్యీ, కాలూ కూడా అంతే. నడుము నాది. ఎత్తేది నేను, బరువు అత్తగారు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి. మీరు రండి.

కృపమ్మ

తా.క.: తైలం అందింది. మీరన్నట్టే అత్తగారి నడుముకి రాద్దామని వంగేను. నాది పట్టేసింది.

కాకినాడ, 22-8-1979

కృపకి అమ్మాజీ ఆశీస్సులు.

ఎంత పని చేసేవే! పదేళ్ళుగా నీ ఉత్తరాల్లో పై వందనాలు నీవి, కింద మాటలు అమ్మవి. 'మీరు' అని ఉంటే, జబ్బుతో అమ్మకి మర్యాద వచ్చిందనుకున్నాను. ఇప్పుడు సాక్ష్యం వెనక్కి తీసుకోమంటావా? అమ్మని చూడాలని సంఘం అంతా అడుగుతోంది. మాట రాలేదని ఎక్కడా అనకు. అయినా ఇంటిపట్టున ఉండేదానివి, నీకు నడుం నొప్పేమిటి?

అమ్మాజీ

తా.క.: తైలం మిగిలితే తిరిగి పంపు.

ముక్తేశ్వరం, 27-8-1979

అమ్మాజీ వదినగారికి వందనాలు.

మీ సంఘంవారు చూడాలంటున్నారు. మీరేమో కాలు కింద పెట్టనివ్వనన్నారు. శుక్రవారం మీ తమ్ముడుగారూ, పక్కింటి నూకరాజూ అత్తగారిని మడతమంచం మీద కోటిపల్లి రేవు దాటించి, అక్కణ్ణుంచి కారులో తీసుకొస్తారు.

"అమ్మాజీ వదినగారి దగ్గరకి వెళ్తారాండీ?" అని అడిగేను. బాగున్న చేత్తో నా నడుము నిమిరేరు. అది అవునో కాదో నాకు తెలియలేదు. అవుననుకున్నాను.

కృపమ్మ

తా.క.: ఎత్తేటప్పుడు నడుము కాదు, మోకాళ్ళు వంచండి. డాక్టరుగారు నాకు నడుము పోయాక చెప్పేరు. మీ తమ్ముడుగారు నెల్లాళ్ళూ అక్కడే ఉంటారు, 'జాగ్రత్త' అనడానికి.