ఖాళీలు లేని పాట

ప్రియమైన అక్కకు,

మా పిట్టల పెంపకం కేంద్రంలో ముసలి మగపిట్ట చనిపోయింది. ఇక్కడ అడవి పాట తెలిసింది అదొక్కటే. పంజరాల్లో పుట్టిన తొమ్మిది కుర్ర మగపిట్టలకు ఇప్పుడు దాని రికార్డింగే గురువు. పొద్దునా సాయంత్రం వినిపిస్తున్నాను. వచ్చే నెల వదిలేస్తాం. అడవిలో మిగిలినవి పదో పన్నెండో ఆడపిట్టలు. పాట నచ్చితేనే జతకడతాయి. నీకేం, నీ జింకలకు పాఠాలు చెప్పే పని లేదు.

నీ చెల్లి

పిట్టలమ్మకు,

సంగీతం క్లాసులు పెట్టావన్నమాట. చిన్నప్పుడు నువ్వు పాడితే నాన్న రేడియో సౌండు పెంచేవారు.

మా అడవి జింకలూ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. కానీ పుట్టిన గంటకే లేచి నిలబడతాయి, పొదలో దాక్కోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. తల్లి వదిలేస్తే నేను సీసాపాలతో పెంచిన బుజ్జిది పెద్దదైంది. నా బూట్ల చప్పుడు వింటే చాలు, పరుగున వచ్చేస్తుంది. అది చూసి మా ఆఫీసరు మురిసిపోయాడు. ఎల్లుండి దాన్ని అడవిలో వదులుతున్నాం. ఇప్పటినుంచే నాకు బెంగగా ఉంది, నవ్వకు.

అక్క

అక్కా,

పిట్టల్ని వదిలి ఆరు వారాలైంది. గొంతు చించుకుని పాడుతున్నాయి. ఒక్క ఆడపిట్టా దగ్గరికి రాలేదు. నిన్న మా పాత కాపలాదారు తాత కాసేపు విని, "ఇవి ఆగవేంటమ్మా? ఆడది జవాబు చెప్పడానికి సందివ్వాలి కదా" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. తక్కువ టైములో ఎక్కువ పాట వినిపిద్దామని, రికార్డింగు మధ్యలో ఉన్న ఖాళీలన్నీ నేనే కత్తిరించాను. అసలుది చెరిపేశాను. ఒకసారి వంటబట్టిన పాటను ఈ పిట్టలు ఇక మార్చుకోవు. చేతులారా చేశానక్కా. ఏం చేయాలో తోచట్లేదు. నీ బుజ్జిదైనా బాగుందని రాయి.

చెల్లి

నా పిచ్చి చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. రాయడానికి చెయ్యి రాలేదు. బుజ్జిది లేదు. వేటగాళ్లను చూసి మిగతావన్నీ పొదల్లోకి పోయాయట. ఇదొక్కటే బూట్ల చప్పుడుకు ఎదురెళ్లింది. "పారిపోలేదండీ, దగ్గరికొచ్చి చెయ్యి వాసన చూసింది" అన్నాడు, పట్టుబడ్డ వేటగాడు. పుట్టుకతో వచ్చిన భయాన్ని నేనే పాలు పట్టి పోగొట్టాను.

నీ తప్పేం లేదని రాద్దామనుకున్నాను. అలా రాస్తే నాదీ లేదనాలి. అది నావల్ల కాదు.

ఈ పొద్దున మా జింకల షెడ్డులో ఇంకో జింకపిల్ల పుట్టింది. తల్లి దాన్ని దగ్గరికి రానివ్వడం లేదు. పాలు పట్టకపోతే సాయంత్రం దాకా బతకదు. పాలు పడితే నన్ను నమ్ముతుంది. నువ్వైతే ఏం చేస్తావే? ఇది నీకు అందేసరికి నేను ఏదో ఒకటి చేసేసి ఉంటాను.

పాలు వెచ్చబెట్టాను. ఇంకా లోపలికి వెళ్లలేదు.

అక్క